చలికి లారీ అందుకోకపోతే ముందు సైలెన్సర్ వైపు చూడండి

ప్రశ్న: మేస్త్రి గారికి నమస్కారం. మాది కోరాపుట్ జిల్లా సెమిలిగూడ. నాన్న లారీ తోలేవారు, ఇప్పుడు నేను తోలుతున్నాను. పాత టాటా 1613, ఆరు సిలిండర్ల బండి. కుందులి సంతలో కూరగాయలు ఎత్తుకుని, తెల్లవారకముందే పొట్టంగి ఘాట్ దిగి సాలూరు మీదుగా విశాఖ వెళ్తుంటాను. డిసెంబరు వచ్చిందంటే పొద్దున్నే సెల్ఫ్ ఎంత కొట్టినా బండి అందుకోదు. సరుకు వాడిపోతుందని ఒకటే టెన్షన్. స్టార్టింగ్ స్ప్రే కొట్టమని ఒకరు, ఎయిర్ క్లీనర్ దగ్గర గుడ్డ కాల్చి పట్టమని ఒకరు, డీజిల్లో కిరోసిన్ కలపమని ఇంకొకరు చెబుతున్నారు. నాన్నేమో, "మా రోజుల్లో బండికి హీటర్ ఉండేది, తీగ ఎర్రబడేదాకా ఆగి సెల్ఫ్ కొట్టేవాళ్లం, నీ బండికీ పెట్టించు" అంటారు. రాత్రి బండిని ఎత్తు మీద ఆపి, పొద్దున్న పల్లంలోకి వదిలి గేర్ వేస్తే మంచిదా? రాత్రంతా ఇంజన్ ఆన్‌లో ఉంచొచ్చా? అసలు ఏది కొనాలి?
– ఒక లారీ యజమాని, సెమిలిగూడ

సమాధానం: ముందు మీ నాన్నగారి మాట తేల్చేద్దాం. ఆయన చెప్పింది నిజమే. 1954లో టాటా వాళ్లు మెర్సిడెస్ బెంజ్‌తో కలిసి లారీలు కట్టడం మొదలుపెట్టినప్పుడు వచ్చిన ఇంజన్లకు పిస్టన్ పైన విడిగా ఒక చిన్న గది ఉండేది. డీజిల్ ముందు ఆ గదిలో పడి అంటుకుని, తర్వాత సిలిండర్‌లోకి వచ్చేది. ఆ గది గోడలు చల్లగా ఉంటే గాలి వేడంతా అవే లాగేసుకుంటాయి. అందుకని ఒక్కో గదిలో కరెంటుతో వేడెక్కే ఒక గ్లో ప్లగ్ పెట్టారు. డ్యాష్‌బోర్డు మీద ఎర్రబడే తీగ దాని గుర్తే. మీ బండిది ఆ రకం ఇంజన్ కాదు. నాజిల్ నేరుగా పిస్టన్ తలలో ఉన్న గుంటలోకే డీజిల్ కొడుతుంది. మధ్యలో గది లేదు కాబట్టి గ్లో ప్లగ్ అక్కర్లేదు, బిగించడానికి హెడ్‌లో రంధ్రమూ లేదు. రంధ్రం వేయించి పెడతానని ఎవరైనా అంటే ఆ షెడ్డులోంచి బండి బయటికి తెచ్చేసుకోండి.

ఇక మీ ఊరి చలి సంగతి. కోరాపుట్ పీఠభూమి మీద డిసెంబరు, జనవరిలో తెల్లవారుజామున 10 డిగ్రీల కిందికి దిగడం మామూలే. మనుషులకు అది వణికించే చలి. డీజిల్ ఇంజన్‌కి మాత్రం పెద్ద చలేమీ కాదు. లడఖ్ కోసం ఇండియన్ ఆయిల్ 2019 నవంబరులో మైనస్ 33 డిగ్రీల దాకా గడ్డకట్టని డీజిల్ తెచ్చింది. స్ప్రేలు, హీటర్లు పుట్టింది అలాంటి చోట్ల కోసం. మీ ఇంజన్ రకం మంచి కండిషన్‌లో ఉంటే ఎనిమిది డిగ్రీల్లో ఏ సాయమూ లేకుండా రెండు మూడు చుట్లకే అందుకోవాలి. అందుకోవడం లేదంటే బండిలో ఏదో లోపం ముందే ఉంది, చలి దాన్ని బయటపెట్టింది. ఎండాకాలంలో అదే లోపం కనబడకుండా గడిచిపోతుంది. ఎత్తు కూడా కొంత తోడవుతుంది. సుమారు 900 మీటర్ల ఎత్తులో గాలి పల్చన, సాలూరులో కంటే ఇంచుమించు పదో వంతు తక్కువ. సిలిండర్‌లో నలిగే గాలి ఆ మేరకు తగ్గుతుంది. అరిగిన ఇంజన్‌కి ఆ కాస్తే ఎక్కువ.

కాబట్టి స్ప్రే డబ్బా కొనే ముందు రేపు పొద్దున్న రెండు పనులు చేయండి. మీరు సెల్ఫ్ కొడుతుంటే క్లీనర్‌ని సైలెన్సర్ గొట్టం దగ్గర నిలబెట్టి ఏ రంగు పొగ వస్తోందో చూడమనండి. మీరు ఇంజన్ తిరిగే చప్పుడు వినండి. ఎక్కడ డబ్బు పెట్టాలో ఈ రెండూ చెబుతాయి.

సెల్ఫ్ బరువుగా, ఈడ్చుకుంటూ తిరుగుతోందా? అయితే డీజిల్ జోలికి వెళ్లకండి, తప్పు కరెంటుది. డీజిల్‌ని అంటించేది నిప్పురవ్వ కాదు, నలిగిన గాలి వేడి. ఇంజన్ నెమ్మదిగా తిరిగితే ఆ గాలి పిస్టన్ రింగుల పక్క నుంచి జారిపోతుంది, మిగిలిన వేడిని చల్లటి లైనర్ (పిస్టన్ కదిలే గొట్టం) గోడలు తాగేస్తాయి. నాజిల్ కొట్టిన డీజిల్ అంటుకోకుండానే బయటికి పోతుంది. చలికి బ్యాటరీ బలమూ తగ్గుతుంది, ఆయిల్ చిక్కబడి ఇంజన్ మరింత బరువుగా తిరుగుతుంది. రెండు దెబ్బలూ ఒకేసారి పడతాయన్నమాట.

మీ బండిది 24 వోల్టులు, అంటే రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరసగా కలిపి ఉంటాయి. మన వైపు లారీల్లో నేను మళ్లీ మళ్లీ చూసే తప్పు ఒకటుంది. పాటల డెక్కుకో, ఫోన్ ఛార్జర్‌కో, క్యాబిన్‌లో రంగు లైట్లకో 12 వోల్టులు కావాలని ఒక్క బ్యాటరీ నుంచే వైరు లాగుతారు. ఆ బ్యాటరీ రోజూ కొంచెం కొంచెంగా ఖాళీ అవుతుంది. ఛార్జింగ్ మాత్రం రెండింటికీ కలిపే వెళ్తుంది కాబట్టి ఆ లోటు పూడదు. పక్కదానికేమో ఛార్జింగ్ ఎక్కువై నీళ్లు ఎగిరిపోతాయి. బయటికి చూస్తే రెండూ బాగానే ఉంటాయి, చలి వచ్చిన రోజున ఒకటి చేతులెత్తేస్తుంది. మీ బండిలో అలాంటి వైరుంటే ముందు అది తీసేసి, 24ని 12 చేసే కన్వర్టర్ పెట్టించండి. తర్వాత రెండు బ్యాటరీల గ్రావిటీ (లోపలి యాసిడ్ సాంద్రత) సెల్ సెల్‌కీ చూపించండి. 1240–1250 ఉంటే సరే. 1200 కిందికి దిగితే ఛార్జింగ్ పెట్టించాలి. పెట్టించాక కూడా ఒక సెల్ మిగతావాటికి దూరంగా ఉండిపోతే ఆ బ్యాటరీ పని అయిపోయినట్టే. కొనేటప్పుడు ఒకటే కొని పాతదాని పక్కన పెట్టకండి, ఆ జత ఎక్కువ కాలం నిలవదు.

బ్యాటరీలు బాగున్నా సెల్ఫ్ బరువుగానే తిరుగుతోందా? అప్పుడు కేబుళ్లు చూడండి. లగ్ (కేబుల్ చివరి బిగింపు) మీద పచ్చగా, తెల్లగా పొడి పట్టి ఉంటే వేడినీళ్లలో వంటసోడా కలిపి కడిగి, తుడిచి, బిగించి, పైన వేజలీన్ రాయండి. అందరూ మరిచిపోయేది ఎర్త్. ఇంజన్ నుంచి ఛాసిస్‌కి వెళ్లే అల్లిక తీగ బోల్టు దగ్గర చూడండి. బండికి రంగు వేయించినప్పుడల్లా పెయింటర్ దాని మీద కూడా ఒక పూత లాగించేస్తాడు. రంగు మీద బిగించిన ఎర్త్‌లోంచి సెల్ఫ్‌కి కావాల్సినంత కరెంటు పోదు. సులువైన పరీక్ష ఒకటి చెబుతాను. మీటర్ ఒక తీగ బ్యాటరీ నెగెటివ్ కొమ్ము మీద, రెండోది ఇంజన్ ఇనుము మీద పెట్టి సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టు దాటి చూపిస్తే ఎర్త్ బాగాలేదు. మీటర్ లేకపోతే పది సెకన్లు సెల్ఫ్ కొట్టి, ఆపాక లగ్గులు తాకి చూడండి. ఏది వేడెక్కిందో తప్పు అక్కడుంది. ఒక్కసారికి పది పదిహేను సెకన్లకు మించి సెల్ఫ్ కొట్టొద్దు. మధ్యలో ఒక నిమిషం ఆగండి, లేకపోతే మోటార్ చుట్టలు కాలిపోతాయి.

ఆయిల్ మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను. పాత ఇంజన్ ఆయిల్ తాగుతోందని చిక్కటి నలభై నంబరు పోయడం మనవాళ్ల అలవాటు. అది చలిలో సెల్ఫ్‌కి పెద్ద శిక్ష. 15W-40 పోయండి. వేడెక్కాక దాని చిక్కదనం నలభైదే, చల్లగా ఉన్నప్పుడు మాత్రం పల్చన.

సెల్ఫ్ చురుగ్గానే తిరుగుతోంది, అయినా అందుకోవడం లేదనుకుందాం. అప్పుడు క్లీనర్ ఏం చెప్పాడన్నదే కీలకం.

పొగ అసలే రాలేదంటే సిలిండర్‌లోకి డీజిల్ చేరడం లేదు. చేరనిదాన్ని ఏ హీటరూ వెలిగించలేదు. పొద్దున్న సెల్ఫ్ కొట్టకముందే, డీజిల్‌ని చేత్తో పంపే హ్యాండ్ ప్రైమర్ నొక్కి చూడండి. రెండు మూడు నొక్కులకు బిగుసుకుంటే లైను నిండా డీజిల్ ఉంది. మెత్తగా పోతూ, చాలాసేపటికి గానీ బిగుసుకోకపోతే రాత్రి డీజిల్ ట్యాంకులోకి వెనక్కి దిగిపోయి, ఆ చోట గాలి చేరింది. బండి ముందు భాగం ఎత్తులో ఉండేట్టు ఆపితే ఇది మరీ ఎక్కువ. మీ ఊళ్లో రోడ్డు పక్కన ఎక్కడ ఆపినా ఏదో ఒక వాలు ఉండనే ఉంటుంది.

ఈ లీకు కంటికి కనబడదు. ట్యాంకు నుంచి, డీజిల్‌ని లాగే ఫీడ్ పంపు దాకా ఉన్న లైనులో డీజిల్ కారదు, బయటి గాలినే అది లోపలికి పీలుస్తుంది. అందుకే కింద మరక లేదు కదా అని మెకానిక్ కూడా పొరబడతాడు. ట్యాంకు నుంచి వచ్చే పైపు తీసి, ఫీడ్ పంపు ముందు రెండడుగుల పారదర్శకమైన ప్లాస్టిక్ పైపు తగిలించి ఇంజన్ నడపండి. బుడగలు వరసగా పోతుంటే కళ్లారా చూస్తారు. సాధారణంగా దొంగ ఎవరంటే పైపును బిగించే బాంజో బోల్టు కింద పాత రాగి వాషర్, లేకపోతే పగుళ్లిచ్చిన రబ్బరు పైపు, ఫిల్టర్ గిన్నె గ్యాస్కెట్, లేదా ఫీడ్ పంపులో అరిగిన వాల్వు. రాగి వాషర్ విప్పిన ప్రతిసారీ కొత్తది వేయాలి. ఖరీదు టీ డబ్బులు కూడా ఉండదు, అయినా పాతదే తిప్పి వేసేవాళ్లే ఎక్కువ.

ఇంకో చిన్న సంగతి. ఇంజన్ ఆపే నాబ్ ఉంది కదా, దాని కేబుల్‌లో పాత గ్రీజు చలికి గట్టిపడి, నాబ్ లోపలికి తోసినా పంపు దగ్గర లీవర్ పూర్తిగా వెనక్కి రాదు. డీజిల్ సగం మూసే ఉంటుంది. బానెట్ ఎత్తి ఆ లీవర్‌ని వేలితో ఒకసారి తోసి చూడండి. నాలుగు చుక్కల పల్చటి నూనెతో సమస్య తీరిపోయిన బండ్లున్నాయి.

తెల్లపొగ దట్టంగా వస్తూ కూడా అందుకోవడం లేదా? అప్పుడు డీజిల్ చేరుతోంది, కాలడం లేదు. పొగలా కనబడేది కాలని డీజిల్ ఆవిరే, వాసన చూస్తే తెలుస్తుంది. ఎలాగో అందుకున్నాక నిమిషం సేపు బండంతా ఊగిపోయి, తెల్లపొగ కక్కి, తర్వాత సర్దుకుంటోందంటే ఒకటి రెండు సిలిండర్లు ఆలస్యంగా పనిలోకి వస్తున్నాయి. నాజిల్ డీజిల్‌ని మంచులా చిమ్మకుండా ధారగా కారుస్తూ ఉండొచ్చు, వాల్వులను కదిపే టాపెట్లు బిగిసి ఉండొచ్చు, రింగులు అరిగి ఉండొచ్చు. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీయండి. ఆవిరి రైలులా గుప్పుగుప్పున పొగ కొడుతుంటే రింగులు, లైనర్ల పని దగ్గర పడింది. కాస్త ఆవిరి మామూలే, దానికి కంగారు పడక్కర్లేదు.

సెల్ఫ్ కొట్టే పద్ధతి కూడా చూసుకోండి. మీ కాలపు మెకానికల్ పంపుల్లో చాలావాటికి, ఆగి ఉన్న ఇంజన్‌లో యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి సెల్ఫ్ కొడితే మామూలు కన్నా ఎక్కువ డీజిల్ వెళ్లే ఏర్పాటు ఉంటుంది. చల్లటి ఇంజన్ కోసం కంపెనీ వాళ్లే ఇచ్చిన సాయం అది, ఉచితం. కొందరు భయపడి పెడల్ ముట్టుకోరు, కొందరు టపటపా కొడతారు. క్లచ్ నొక్కండి, యాక్సిలరేటర్ కింది దాకా నొక్కి పట్టండి, సెల్ఫ్ కొట్టండి, అందుకున్న క్షణమే పాదం ఎత్తేయండి. ఆయిల్ పైకి ఎక్కకముందే రేజ్ చేస్తే బేరింగులు పోతాయి.

ఇప్పుడు మీకు వచ్చిన సలహాలు. స్ప్రేలో ఉండేది ఎక్కువగా ఈథర్. డీజిల్ తనంతట తాను అంటుకోవాలంటే 210 డిగ్రీలు దాటాలి, ఈథర్‌కి 160–180 చాలు. అందుకే చిటికెలో అంటుకుంటుంది. చిక్కంతా అక్కడే ఉంది. పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే అది పేలి, పిస్టన్‌ని ఎదురు తంతుంది. ఆ ఖణేల్‌మనే చప్పుడు మీరూ వినే ఉంటారు. రింగులు, రింగుల గాడులు పగిలేది అలాగే. కొట్టిన ప్రతిసారీ కంప్రెషన్ ఇంకాస్త పడిపోతుంది, మర్నాడు ఇంకాస్త ఎక్కువ కొట్టాలి. "బండి స్ప్రేకి అలవాటు పడిపోయింది" అంటుంటారే, జరిగేది ఇదే. మీకు నేను వద్దనే చెబుతాను. ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో, అంటే ఇంజన్‌లోకి గాలి వెళ్లే గొట్టంలో, ఏ రకం హీటరున్నా అసలే కొట్టకూడదు, అక్కడే పేలుతుంది. స్ప్రే బదులు పెట్రోలు గుడ్డ పెట్టడం ఇంకా అధ్వాన్నం. పెట్రోలు లైనర్ మీది ఆయిల్ పొరను కడిగేస్తుంది.

గుడ్డ కాల్చి పట్టడం అంటారా, మంట గాలిలోని ప్రాణవాయువును తినేస్తుంది, బూడిద ఇంజన్‌లోకి పోతుంది, పేపర్ ఫిల్టర్ అంటుకుంటే లారీయే పోతుంది. సంపు (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) కింద మంట పెట్టడమూ అంతే. ఏళ్ల తరబడి ఆయిలూ డీజిలూ కారి నానిన ఇంజన్ కింద, బ్రేకు పైపుల పక్కన, నిప్పు పెట్టే ధైర్యం నాకైతే లేదు.

కిరోసిన్ కలపొద్దు. ఇప్పటి డీజిల్‌లో గంధకం బాగా తగ్గించారు. డీజిల్ పంపులో కదిలే ప్లంజర్లకు ఆ డీజిలే నూనె కూడా. అందులో కిరోసిన్ పోస్తే ప్లంజర్లు గీతలు పడతాయి. పైగా అది చట్టరీత్యా కల్తీ. డీజిల్‌లో మైనం పేరుకుంటుందనే భయంతో ఆ సలహా ఇచ్చి ఉంటారు. దానికి సంబంధించి మీరు తెలుసుకోవాల్సింది ఒకటుంది. మన దేశపు ప్రమాణం ప్రకారం డీజిల్ చలికాలంలో 6 డిగ్రీల దాకా ఫిల్టర్‌ని మూసేయకూడదు, వేసవి డీజిల్‌కి ఆ హద్దు 18 డిగ్రీలు. చలికాలంలో బంకులో పోయించుకుంటే ఇబ్బంది లేదు. ఎండాకాలంలో చవగ్గా దొరికిందని డ్రమ్ములో దాచిన డీజిల్ జనవరిలో వాడితే మాత్రం ఫిల్టర్ గిన్నెలో పాలలా తెల్లగా కనబడొచ్చు. డ్రమ్ము ఉంటే దసరాలోపు వాడేయండి. సాయంత్రమే ట్యాంకు నింపుకోండి, ఖాళీ ట్యాంకు గోడలకు రాత్రి చెమ్మ పట్టి నీళ్లు చేరతాయి.

పల్లంలోకి వదిలి గేర్ వేయడం గురించి గట్టిగానే చెబుతాను: పొట్టంగి వైపు ఆ పని చేయొద్దు. రాత్రి ఆగిన బండిలో గాలి ట్యాంకులు దిగిపోయి ఉంటాయి. ఇంజన్ అందుకోకపోతే కంప్రెసర్ తిరగదు, గాలి ఎక్కదు, బ్రేకు ఉండదు. పవర్ స్టీరింగ్ ఉంటే అదీ బిగుసుకుంటుంది. వెనకాల పది టన్నుల సరుకు, ముందు మంచు కమ్మిన మలుపు. సంత పోతే మళ్లీ వారం వస్తుంది. పక్క లారీ నుంచి కేబుల్ వేసుకోండి. అది 24 వోల్టుల బండే అయి ఉండాలి, కారు బ్యాటరీ పనికిరాదు.

రాత్రంతా ఇంజన్ నడపడం కూడా దండగే. గంటకు లీటరు పైనే డీజిల్ పోతుంది. ఐడిల్‌లో ఇంజన్ సరిగ్గా వేడెక్కదు, కాలని డీజిల్ రింగుల పక్క నుంచి దిగి ఆయిల్‌లో కలుస్తుంది. అద్దాలు మూసుకుని క్యాబిన్‌లో పడుకుంటారేమో, పొగ లోపలికి వస్తే నిద్రలోనే ప్రాణం పోతుంది.

ఇవన్నీ సరిచేశాక కూడా ఏదైనా సాయం కావాలనిపిస్తే కొనదగ్గవి రెండు. ఒకటి థర్మోస్టార్ట్. పాత ట్రాక్టర్లు తోలినవాళ్లకు తెలుసు: ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో ఒక తీగ వేడెక్కి, దాని మీద డీజిల్ చుక్కలు పడి చిన్న మంట లేస్తుంది, వెళ్లే గాలి వెచ్చబడుతుంది. మీ మానిఫోల్డ్‌కి మూసిన రంధ్రం ఉంటే బిగించడం తేలిక. 24 వోల్టులదే అడిగి తీసుకోండి. మీ నాన్నగారి ముచ్చటా తీరుతుంది. గాలి దారికి అడ్డంగా తీగల జాలీ ఉండే గ్రిడ్ హీటర్ మాత్రం వద్దు, అది లాగే కరెంటుకి మీ బ్యాటరీలు సెల్ఫ్ దాకా మిగలవు. రెండోది బ్లాక్ హీటర్, ఇంటి కరెంటుతో ఇంజన్ నీళ్లను వెచ్చబెట్టేది. బండి ఇంటి ముందే ఆపేవాళ్లయితే నా ఓటు దీనికే. బయల్దేరడానికి రెండు గంటల ముందు స్విచ్ వేస్తే చాలు. ఎర్త్ ఉన్న మూడు పిన్నుల ప్లగ్ పాయింటు ఉండాలి, సెల్ఫ్ కొట్టేముందు వైరు పీకడం మరిచిపోకూడదు. దొరకకపోతే రేడియేటర్ నీళ్లు దింపి, చెయ్యి ఓర్చుకునేంత వేడినీళ్లు పోసే పాత పద్ధతి అత్యవసరానికి ఉంది. మరిగే నీళ్లు పోస్తే హెడ్ పగుళ్లిస్తుంది. కూలెంట్ పోసిన బండికైతే ఆ పని వద్దు.

ఒక్క జాగ్రత్త. తెల్లపొగ అనగానే "పంపు దింపేద్దాం" అనే షెడ్డులుంటాయి, ఖర్చు వేలల్లో ఉంటుంది. ముందు టాపెట్లు చూపించండి, ఆరు నాజిళ్లూ విప్పించి టెస్టర్ మీద మీ కళ్ల ముందే కొట్టించండి. సాలూరులో లారీ పని బాగా తెలిసినవాళ్లున్నారు, సరుకు దింపి తిరిగొచ్చేటప్పుడు అక్కడ ఆగితే ఒక్క పూటలో అయిపోయే పని. నాజిళ్లు, టాపెట్లు, కంప్రెషన్ మూడూ బాగున్నాయని తేలాకే పంపు మీద చెయ్యి వేయనివ్వండి.